గ్రూపు ప్రాజెక్టు అంటే మన విశ్వవిద్యాలయ విద్యార్థులకు ఎందుకు పడటం లేదు?

హంద్రీ ఒడ్డు (కర్నూలు)

అందరికీ నమస్కారం. నేను కర్నూలులోని ఒక డిగ్రీ కళాశాలలో అర్థశాస్త్రం బోధిస్తున్నాను. ఈ సెమిస్టరులో గ్రామ సర్వేను ఐదుగురేసి విద్యార్థులు కలిసి చేయాలని చెప్పగానే తరగతిలో చాలామంది ముఖాలు వాడిపోయాయి. తరగతి అయ్యాక కొందరు స్టాఫ్ రూముకు వచ్చి, "మేడం, ఎవరి పని వాళ్ళకే ఇవ్వండి. ఎంత పెద్దదైనా చేసుకుంటాం, గ్రూపు మాత్రం వద్దు" అని బతిమాలారు. వీళ్ళే సాయంత్రం గ్రంథాలయం మెట్ల మీద గుంపుగా కూర్చుని చదువుకుంటారు, పరీక్షల ముందు నోట్సు పంచుకుంటారు, ఒకరికి ఫీజు తక్కువ పడితే తలా కొంత వేసుకుని కట్టేస్తారు. కలిసి ఉండటం చేతకాని పిల్లలు కారు. మరి మార్కులున్న పనిని కలిసి చేయమనేసరికి ఇంత విముఖత ఎందుకు?

పేరు రాయకుండా కారణం రాసివ్వమని కాగితాలు పంచాను. "పని ఒకరిది, మార్కులు అందరివీ" అన్న మాట రకరకాలుగా వచ్చింది. నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినవి వేరే కాగితాలు. "మాకు పని ఇవ్వరు, ఇచ్చినా మళ్ళీ వాళ్ళే దిద్దేసుకుంటారు, చివరికి మేం ఏమీ చేయలేదని మీతో చెబుతారు" అని ఒకరు రాశారు. "నాకు ఇంగ్లీషు సరిగా రాదని ప్రెజెంటేషన్ రోజు నన్ను చివర్లో నిలబెట్టారు, మాట్లాడే వంతు రానేలేదు" అని ఇంకొకరు రాశారు. అంటే వద్దంటున్నది బాగా చదివేవాళ్ళు మాత్రమే కాదు, వెనకబడినవాళ్ళు కూడా. రెండు పక్షాలకూ నష్టం కలిగిస్తున్న పనిని మనం ఏ రూపంలో కొనసాగించాలి, అసలు కొనసాగించాలా అన్నది నా ప్రశ్న. విద్యార్థులూ, అధ్యాపకులూ మొహమాటం లేకుండా రాయమని కోరుతున్నాను.

గుత్తికోట (అనంతపురం)

మేడం, నేను ఇంజినీరింగ్ చివరి సంవత్సరం చదువుతున్నాను. మా దగ్గర బ్యాచ్‌లను హాల్ టికెట్ నంబర్ల వరుసలో నలుగురు నలుగురుగా కత్తిరించి నోటీసు బోర్డులో పెట్టారు. మా బ్యాచ్‌లో కోడింగ్ మొత్తం నేను చేశాను. ఒకతను బైండింగ్ ఖర్చు పెట్టుకుంటానన్నాడు, అది తన వాటా అనే నిజంగా అనుకున్నాడు. మిగిలిన ఇద్దరు మొదటి రివ్యూకు, వైవాకు వచ్చారు. నలుగురికీ వచ్చిన మార్కులు ఒక్కటే.

అయితే నేను చెప్పదలచుకున్నది కోడింగ్ గురించి కాదు. కోడింగ్ నాకు ఇష్టం, ఒంటరిగా ఇచ్చినా చేసేవాణ్ణి. నన్ను విసిగించింది ఎవరి లెక్కలోకీ రాని పని. గైడ్ సంతకం కోసం స్టాఫ్ రూము బయట నిలబడాలి, రివ్యూ తేదీ మారితే అందరికీ ఫోన్లు చేయాలి, వాట్సాప్ గ్రూపులో పెట్టిన ప్రశ్నను ముగ్గురూ చూసినట్టు నీలం గీతలు పడినా సమాధానం రాకపోతే మళ్ళీ అడగాలి, అడిగితే "నువ్వేమన్నా లీడరువా" అనిపించుకోవాలి. ఈ పనికి రికార్డులో పేజీ ఉండదు, వైవాలో ప్రశ్న ఉండదు. ఒంటరి ప్రాజెక్టులో ఈ భారం అసలు పుట్టదు. మా తరగతిలో చాలామంది ఒక్కరికే ప్రాజెక్టు కావాలనడానికి స్వార్థం కారణం అనుకోకండి మేడం. మనిషిని కదిలించడం కోసం పడే శ్రమ, పని కోసం పడే శ్రమకన్నా ఎక్కువైపోతున్నది.

ఎర్రనేల (అనంతపురం)

గుత్తికోట అన్నా, మీరు చెప్పిన ఆ మిగిలిన ఇద్దరి తరఫున నేను కొంచెం మాట్లాడతాను. నేను పాలిటెక్నిక్ పూర్తిచేసి లాటరల్ ఎంట్రీలో రెండో సంవత్సరం చేరాను. మా హాల్ టికెట్ నంబర్లు జాబితాలో చివరన వస్తాయి కాబట్టి, నంబర్ల వరుసలో బ్యాచ్‌లు కత్తిరిస్తే చివరి బ్యాచ్‌లన్నీ మాతోనే నిండుతాయి. మిగిలిపోయిన ఒకరిద్దరిని మాత్రం పై బ్యాచ్‌లో కలుపుతారు. అలా కలిసినవాణ్ణి నేను. మొదటి సంవత్సరం నుంచి స్నేహితులైన ముగ్గురి మధ్యకు వెళ్ళాను. అంశం అప్పటికే తేల్చేసుకున్నారు. నాకు ఏం రావచ్చునో ఎవరూ అడగలేదు. సర్క్యూట్ బోర్డు మీద సోల్డరింగ్, మీటరు పెట్టి లోపం పట్టుకోవడం డిప్లొమాలో మూడేళ్ళు చేసిన పని; ఆ నైపుణ్యం అవసరమైన ప్రాజెక్టే అది. రివ్యూ ముందు రోజు రాత్రి పదకొండు దాటాక పీపీటీ వచ్చింది, ఏడో స్లైడు, ఎనిమిదో స్లైడు నేను చదవాలని చెప్పారు.

పనిచేయనివాణ్ణి అని నా మీద ముద్ర పడింది. నిజంగా తప్పించుకునేవాళ్ళు లేరని నేను అనను. కానీ పని ఎగ్గొట్టినవాడూ, పని అందనివాడూ బయటినుంచి చూసేవాళ్ళకు ఒకేలా కనిపిస్తారు. మేడం గారికి వచ్చిన ఆ కాగితం మా కళాశాలలో పంచినా వచ్చేది.

పెన్నేటి గట్టు (అనంతపురం)

మీ ముగ్గురి మాటలూ ఒకదానికొకటి విరుద్ధం కావు. ఈ విషయం మీద నూరేళ్ళకు పైగా పరిశోధన ఉంది కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

ఫ్రాన్స్‌కు చెందిన వ్యవసాయ ఇంజినీరు మాక్స్ రింగెల్మన్ పందొమ్మిదో శతాబ్దం చివర్లో మనుషుల చేత తాడు లాగించి బలాన్ని కొలిచారు. ఆ ఫలితాలు 1913లో అచ్చయ్యాయి. ఒక్కడే లాగినప్పటి బలాన్ని 100 అనుకుంటే, ఇద్దరైనప్పుడు ఒక్కొక్కరి వంతు 93కి, ముగ్గురైనప్పుడు 85కి, ఎనిమిదిమంది అయ్యేసరికి 49కి పడిపోయింది. ఇందులో కొంత నష్టం అందరూ ఒకే క్షణంలో లాగలేకపోవడం వల్ల వస్తుంది, అది సోమరితనం కాదు. 1974లో ఆలన్ ఇంగమ్, ఆయన సహచరులు ఈ రెండింటినీ విడదీసి చూశారు. మనిషి కళ్ళకు గంతలు కట్టి, వెనక ఎవరూ లాగకపోయినా లాగుతున్నారని నమ్మించారు. అప్పుడు కూడా అతని బలం తగ్గింది. అంటే పక్కన ఇంకొకరున్నారన్న భావనే కొంత పని తగ్గిస్తున్నది.

మనకు ముఖ్యమైనది దీని తర్వాతి మెట్టు. 1979లో బిబ్ లటానే, కిప్లింగ్ విలియమ్స్, స్టీఫెన్ హార్కిన్స్ విద్యార్థుల చేత చప్పట్లు కొట్టించి, కేకలు వేయించి ఆ ధ్వనిని కొలిచారు. గుంపులో ఉన్నప్పుడు ఒక్కొక్కరి ధ్వని తగ్గింది. వీళ్ళే 1981లో చేసిన ప్రయోగంలో, గుంపులో ఉన్నా ఎవరి ధ్వని ఎంతో విడిగా తెలుస్తుందని చెప్పగానే ఆ తగ్గుదల పోయింది. అదే మనుషులు, అదే గుంపు. మారింది ఒక్కటే, ఎవరి వంతు ఎంతో కనిపించడం.

1983లో నార్బర్ట్ కెర్ ఇంకో కోణం చూపించారు. తనతో ఉన్నవాడు చేయగలిగి ఉండి కూడా చేయడం లేదని తెలిస్తే, బాగా పనిచేసేవాడు కూడా తన పని తగ్గించుకుంటాడు. అతడి బరువు మోసే అమాయకుణ్ణి కావడం ఎవరికీ ఇష్టం ఉండదు. హంద్రీ ఒడ్డు గారి విద్యార్థుల విముఖతలో నాకు కనిపిస్తున్నది ఈ భయమే. వాళ్ళు పని ఎగ్గొట్టాలనుకోవడం లేదు, మోసపోకూడదనుకుంటున్నారు. కాబట్టి పిల్లల మనస్తత్వాన్ని మార్చే ఉపన్యాసాలకన్నా మార్కులు వేసే పద్ధతిని మార్చడం ముందు జరగాలని నా అభిప్రాయం.

నల్లరేగడి (ఆదోని)

నేను ముప్పై ఏళ్ళకు పైగా పాఠాలు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. నా అభిప్రాయం కొంచెం వేరు. కలిసి పనిచేయడంలో చికాకులు ఉంటాయనే కదా దాన్ని నేర్పాలంటున్నాం! చికాకు లేని జట్టును ఇవ్వండి, అప్పుడు పనిచేస్తాం అనడం ఈదడం వచ్చాకే బావిలో దిగుతాననడమే. బ్రూస్ టక్‌మన్ 1965లోనే చెప్పారు, ఏ జట్టయినా ఏర్పడ్డాక ఒక ఘర్షణ దశ దాటితేనే కుదురుకుని పనిలో పడుతుందని. మన విద్యార్థులు ఆ ఘర్షణ రాగానే పక్కకు తప్పుకుంటున్నారు.

ఇంకో మాట. ఇంజినీరింగ్ విద్యకు గుర్తింపు ఇచ్చే ఎన్‌బీఏ ద్వారా మన దేశం 2014లో వాషింగ్టన్ అకార్డ్‌లో, అంటే ఇంజినీరింగ్ డిగ్రీలను దేశాలు పరస్పరం గుర్తించుకునే ఒప్పందంలో, శాశ్వత సభ్యత్వం పొందింది. చదువు పూర్తయ్యేసరికి విద్యార్థికి రావాల్సిన సామర్థ్యాలంటూ ఎన్‌బీఏ పెట్టిన, చాలాకాలం అమల్లో ఉన్న పన్నెండు ఫలితాల జాబితాలో తొమ్మిదోది వ్యక్తిగానూ, రకరకాల మనుషులున్న బృందంలో సభ్యుడిగానూ, నాయకుడిగానూ పనిచేయగలగడం. మన ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ విద్యార్థులకు మొదటి సంవత్సరం తర్వాత 180 గంటల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు ఉంది. ఊళ్ళోకి వెళ్ళి మనుషులతో మాట్లాడటం ఒంటరిగా నేర్చుకునే విద్య కాదు. ప్రతి పనికీ తూకం పెట్టి ఇంత నీది, ఇంత నాది అని పంచితే అది కలిసి చేసిన పని ఎలా అవుతుంది? కొంచెం సర్దుకుపోవడం కూడా చదువులో భాగమేనని పిల్లలకు చెప్పాలి.

చీనీతోట (పులివెందుల)

నల్లరేగడి సార్, మీ అనుభవం మీద గౌరవంతోనే అడుగుతున్నాను. సర్దుకుపోవాల్సింది ఎవరు? నేను కడపలో పీజీ చదువుతున్నాను, రోజూ బస్సులో వచ్చి పోతాను. డిగ్రీలోనూ పీజీలోనూ నేనున్న ప్రతి గ్రూపులో రికార్డు రాసింది అమ్మాయిలే. "మీ చేతిరాత బాగుంటుంది కదా" అంటారు. అంశం ఎంచుకునేది, సార్ దగ్గరకు వెళ్ళి మాట్లాడేది, ప్రెజెంటేషన్ మొదలుపెట్టేది అబ్బాయిలు. రాసే పని రాత్రిళ్ళు ఇంట్లో కూర్చుని చేస్తాం కాబట్టి అది ఎవరికీ కనిపించదు.

సమావేశాల సంగతి కూడా ఇంతే. హాస్టలు అబ్బాయిలకు రాత్రి ఎనిమిది తర్వాత టీ కొట్టు దగ్గర కలవడం తేలిక. అప్పటికి అమ్మాయిల హాస్టలు గేటు మూసేస్తారు, మాలాంటి డే స్కాలర్లు ఊరికి చేరి ఉంటారు. నిర్ణయాలు అక్కడ జరిగిపోతాయి, మరునాడు మాకు పని చెబుతారు. దీన్ని ప్రశ్నిస్తే గ్రూపులో కలవదనే పేరు వస్తుంది. ఈ పరిస్థితిలో "నాకు ఒంటరి ప్రాజెక్టు ఇవ్వండి" అని అడిగిన అమ్మాయి ఘర్షణకు భయపడి తప్పుకుంటున్నట్టు కాదు సార్. మూడేళ్ళు సర్దుకుని, సర్దుకుని అడుగుతున్నది.

పెన్నేటి గట్టు గారూ, బృందాలను ఎవరు కూర్చాలన్న దాని మీద పరిశోధన ఏమైనా ఉందా? మమ్మల్ని ఎంచుకోమంటే ఒకే ఊరివాళ్ళు, ఒకే హాస్టలు వాళ్ళు, చెప్పుకోవడానికి ఇబ్బందైనా ఒక్కోసారి ఒకే కులంవాళ్ళు ఒక బ్యాచ్ అవుతారు.

పెన్నేటి గట్టు (అనంతపురం)

ఉంది చీనీతోట గారూ. ఇంజినీరింగ్ విద్య మీద విస్తృతంగా రాసిన బార్బరా ఓక్లీ, రిచర్డ్ ఫెల్డర్, మరి ఇద్దరు కలిసి 2004లో ప్రచురించిన వ్యాసం ఈ ప్రశ్నకే సమాధానం చెబుతుంది. బృందాలను విద్యార్థులకు వదిలేయకుండా అధ్యాపకులే కూర్చాలనీ, కలుసుకోవడానికి వీలైన సమయాలను ముందుగా అడిగి తెలుసుకుని ఆ ప్రకారం కూర్చాలనీ, తరగతిలో తక్కువ సంఖ్యలో ఉన్న వర్గానికి చెందినవారిని మొదటి సంవత్సరాల్లో ఒక్కొక్కరిగా ఒక్కో బృందంలో వేయకూడదనీ వాళ్ళు సూచించారు. ఐదుగురున్న బృందంలో ఒకే ఒక్క అమ్మాయిని వేస్తే ఆమెకు రాతపనే మిగులుతుంది. ఇద్దరుంటే ఆ పరిస్థితి మారే అవకాశం ఉంటుంది. హాల్ టికెట్ నంబర్ల వరుసలో కత్తిరించడం అధ్యాపకులు కూర్చడం కిందికి రాదు. అది ఎవరూ కూర్చకపోవడం.

దేవుని కడప (ప్రస్తుతం బెంగళూరు)

కడపలో చదువుకుని బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. "రేపు కంపెనీలో కలిసి పనిచేయాలి కదా" అన్న మాట గ్రూపు ప్రాజెక్టుకు సమర్థనగా ప్రతిచోటా వినిపిస్తుంది కాబట్టి, కంపెనీలో నిజంగా ఏం జరుగుతుందో చెబుతాను. మా బృందంలో ప్రతి పనికీ ఒక టికెట్ ఉంటుంది, దాని మీద ఒకరి పేరు ఉంటుంది. ఎవరు ఏ ఫైలు ఎప్పుడు మార్చారో గిట్‌హబ్‌లో కనిపిస్తుంది. రోజూ ఉదయం పదిహేను నిమిషాలు ఎవరి పని ఎక్కడుందో చెప్పుకుంటాం. పని ఆగిపోతే చూసుకోవడానికి జీతం తీసుకునే మేనేజరు ఉన్నారు. సంవత్సరం చివర అందరికీ ఒకే రేటింగ్ ఇవ్వరు.

కళాశాల గ్రూపులో వీటిలో ఒక్కటీ ఉండదు. సమాన వయసు గల నలుగురిని, ఒకరి మీద ఒకరికి ఏ అధికారమూ లేకుండా, మధ్యలో చూసేవాళ్ళు లేకుండా వదిలి, మూడు నెలల తర్వాత ఫలితం అడుగుతాం. ఉద్యోగంలో ఉన్న నాకే అది కష్టం. కాబట్టి నల్లరేగడి సార్, వంతులు కనిపించేలా చేస్తే కలిసి చేసిన పని కాకుండా పోతుందన్న మాటతో నేను ఏకీభవించలేను. వంతులు కనిపిస్తాయి కాబట్టే మాకు ఒకరినొకరు అనుమానించాల్సిన అవసరం రావడం లేదు.

నల్లరేగడి (ఆదోని)

దేవుని కడప గారూ, చీనీతోట అమ్మా, మీ మాటలు శ్రద్ధగా చదివాను. వంతులు కనిపించాలన్న దానికి మా ప్రాంతపు ఉదాహరణే ఒకటి గుర్తుకొచ్చింది. మా పల్లెల్లో కూలి డబ్బులు పెట్టుకోలేని రైతులు ముయ్యి పెట్టుకునేవాళ్ళు. ఈరోజు నలుగురూ మా చేలో వేరుశనగ పీకితే, రేపు మా ఇంటి మనిషి వాళ్ళ చేనికి వెళ్ళాలి. పుస్తకం ఉండదు, రాత ఉండదు. కానీ ఎవరింటి మనిషి ఎన్ని పూటలు వచ్చాడో చేలో ఉన్న అందరికీ తెలుసు. ఒకపూట ఎగ్గొట్టినవాడి చేనికి మనుషులు కరువవుతారు. అక్కడ తూకం లేదని నేను అనలేను, ఉంది. అందరి కళ్ళముందూ పని జరుగుతుంది కాబట్టి విడిగా కొలవాల్సిన అవసరం రాలేదంతే. మన విద్యార్థుల పని వాళ్ళ ఇళ్ళలో, గదుల్లో, ఫోన్లలో విడివిడిగా జరుగుతున్నది. ఆ తేడాను ఒప్పుకుంటున్నాను.

కానీ నా ఆందోళన ఇంకా పూర్తిగా పోలేదు. మార్కు విడగొట్టడం మొదలుపెడితే పిల్లలు పని వదిలి ఎవరు ఎంత చేశారన్న తగువులో పడతారేమో. ఆ విడగొట్టేది ఎలాగో ఎవరైనా చెప్పండి.

హంద్రీ ఒడ్డు (కర్నూలు)

నేనూ అదే అడగబోతున్నాను. నా తరగతిలో పన్నెండు బృందాలు అవుతాయి. ఎవరెవరు ఏం చేశారో చూడటానికి ప్రతి బృందం వెంట గ్రామాలకు వెళ్ళడం నాకు సాధ్యం కాదు.

పెన్నేటి గట్టు (అనంతపురం)

చాలా విశ్వవిద్యాలయాలు వాడే ఒక సులువైన లెక్క ఉంది. నలుగురున్న బృందం అనుకుందాం. ప్రతి సభ్యుడూ తనను మినహాయించి మిగిలిన ముగ్గురికీ కలిపి 30 పాయింట్లు పంచాలి, అదీ అధ్యాపకుడికి విడిగా రాసివ్వాలి. అందరూ సమానంగా చేశారనుకుంటే ఒక్కొక్కరికి 30 వస్తాయి. ఒక బృందంలో వచ్చినవి 36, 33, 30, 21 అనుకోండి. వీటిని 30తో భాగిస్తే 1.2, 1.1, 1, 0.7 అవుతాయి. బృందం పనికి మీరు 50కి 40 మార్కులు వేశారు. నేరుగా గుణిస్తే 48, 44, 40, 28 వస్తాయి.

ఇది మరీ కఠినంగా ఉందనిపిస్తే, 40లో సగాన్ని అందరికీ ఉమ్మడిగా ఉంచి, మిగిలిన 20ని మాత్రమే గుణించండి. అప్పుడు 44, 42, 40, 34 అవుతాయి. నల్లరేగడి గారు అంటున్న ఉమ్మడి బాధ్యత సగం మార్కులో నిలుస్తుంది, విద్యార్థులు అడుగుతున్న న్యాయం మిగతా సగంలో ఉంటుంది. నాకు ఈ రెండోదే నచ్చింది. చివర్లో ఒక్కసారే కాకుండా మధ్యలో కూడా ఒకసారి, మార్కులతో సంబంధం లేకుండా, ఈ కాగితం నింపించాలి. 21 వస్తున్న విద్యార్థికి దిద్దుకునే సమయం దొరకాలి కదా.

ఎర్రనేల (అనంతపురం)

సార్, ఈ లెక్కలో నాలాంటివాడి పరిస్థితి ఏమిటో కూడా చూడండి. ముగ్గురు స్నేహితులు, బయటివాడు ఒకడు. ముగ్గురూ మాట్లాడుకుని నాకు ఐదేసి పాయింట్లు ఇస్తే నాకు 15 వస్తాయి, పని అందకపోయినందుకు మార్కు కూడా పోతుంది. ఊరు, కులం, హాస్టలు చూసి బృందాలు అయ్యే చోట పాయింట్లు కూడా అలాగే పడవని ఎవరు హామీ ఇస్తారు? తోటివాళ్ళ తీర్పు ఒక్కటే ఆధారం అయితే నేను ఉమ్మడి మార్కునే కోరుకుంటాను.

పెన్నేటి గట్టు (అనంతపురం)

చాలా సరైన అభ్యంతరం. అందుకే ఈ పాయింట్లు సాక్ష్యాలలో ఒకటి మాత్రమే కావాలి, తీర్పు కాకూడదు. ఎవరికైనా మిగిలినవారికన్నా బాగా తక్కువ వస్తే అధ్యాపకుడు ఆ బృందాన్ని పిలిచి మాట్లాడాలి, రాతపూర్వకమైన కారణం అడగాలి. పాయింటు పక్కన ఒక వాక్యం తప్పనిసరి చేస్తే ఊరికే తగ్గించడం కష్టమవుతుంది. గూగుల్ డాక్స్‌లో నివేదిక రాయిస్తే ఏ పేరా ఎవరు ఎప్పుడు రాశారో దాని చరిత్రలో ఉంటుంది. అయితే ఫోను ఒక్కటే ఉన్న విద్యార్థులకు ఇది ఇబ్బంది, కాబట్టి నోటుపుస్తకంలో రాసిన పనిదినచర్యను కూడా అంగీకరించాలి. అన్నిటికన్నా బలమైన సాక్ష్యం వైవా. బృందంలో ఎవరిని ఏ భాగం గురించైనా అడుగుతామని మొదటి రోజే చెప్పాలి. అప్పుడు ఎర్రనేల గారికి పని చెప్పకుండా ఉంచడం మిగిలిన ముగ్గురికీ నష్టమవుతుంది.

చీనీతోట (పులివెందుల)

వైవా గురించి ఒక సంగతి. మా డిగ్రీ సర్వేలో ఒక బృందం ప్రశ్నపత్రాలను ఊరికి వెళ్ళకుండానే నింపి తెచ్చింది. మా మేడం వాటిని బల్ల మీద పరిచి చూశారు. అన్నీ ఒకే నీలిరంగు పెన్నుతో ఉన్నాయి, ఒక్క కాగితం కూడా నలగలేదు, అన్ని ఇళ్ళలోనూ పశువులు రెండే. ఆమె మార్కుల ప్రస్తావన తేలేదు. "మీరు వెళ్ళిన ఊళ్ళో బోర్లు ఎన్ని అడుగులు వేస్తే నీళ్ళు పడుతున్నాయి?" అని ఒక్కొక్కరినీ అడిగారు. వాళ్ళు చెప్పిన అంకెలు ఒకరికొకరికి పొంతన లేవు. పక్క బృందంలో ఎప్పుడూ నోరు తెరవని ఒక అమ్మాయిని అదే ప్రశ్న అడిగితే, ఎండిపోయిన చీనీ (బత్తాయి) చెట్లను కొట్టేసిన ఒక రైతు ఎన్ని బోర్లు వేయించాడో, ఎంత అప్పు చేశాడో, ఆ అప్పు వడ్డీ ఎలా పెరిగిందో తెలుగులో గుక్కతిప్పుకోకుండా చెప్పింది. ఆ అమ్మాయి స్లైడ్ల మీద ఇంగ్లీషు చదవలేకపోయింది. 2021-22 నుంచి మన రాష్ట్రంలో డిగ్రీ కోర్సులు ఆంగ్ల మాధ్యమంలోకి మారాక ఇలాంటివాళ్ళు గ్రూపుల్లో ఇంకా వెనక్కి జరిగారు. నివేదిక ఏ భాషలో ఉన్నా వైవాలో తెలుగులో మాట్లాడనిస్తే ఎవరు పనిచేశారో దాచినా దాగదు.

హంద్రీ ఒడ్డు గారూ, పని పంచే పద్ధతి గురించి కూడా ఆలోచించండి. అందరికీ ఒకే ప్రశ్నపత్రం ఇచ్చి ఇళ్ళు పంచుకోమంటే ఒకరు మానేసినా ఇంకొకరు నింపేస్తారు. అలా కాకుండా ఒకరికి నీటివనరులు, ఒకరికి అప్పులు, ఒకరికి వలసలు, ఒకరికి ఆడవాళ్ళ కూలి, ఇలా అంశాలు పంచితే ఒకరి సమాచారం లేకుండా మరొకరి అధ్యాయం పూర్తి కాదు.

పెన్నేటి గట్టు (అనంతపురం)

చీనీతోట గారు చెప్పినదానికి పాత ఆధారమే ఉంది. 1971లో అమెరికాలోని టెక్సస్ రాష్ట్రం ఆస్టిన్‌లో, జాతుల మధ్య విభజన తొలగించిన పాఠశాలల్లో పిల్లలు ఒకరితో ఒకరు కలవక గొడవలు జరుగుతున్నప్పుడు, ఎలియట్ ఆరన్సన్ ఇదే పని చేశారు. పాఠాన్ని ముక్కలు చేసి ఒక్కో పిల్లవాడికి ఒక్కో ముక్క ఇచ్చారు. పక్కవాడిని చిన్నచూపు చూసి ఊరుకుంటే అతని దగ్గరున్న ముక్క తమకు దొరకదు. మన సందర్భంలో భాషా, కులమూ, డిప్లొమా నుంచి వచ్చారన్న చిన్నచూపూ ఉన్నాయి కాబట్టి ఈ పద్ధతి ఇక్కడ బాగా పనికొస్తుంది. అయితే చివర్లో ముక్కలను పక్కపక్కన పెట్టి స్పైరల్ బైండింగ్ చేయించి తెస్తారు, అది జాగ్రత్త. వలసకూ నీటికీ సంబంధం ఏమిటన్నలాంటి ఒక ఉమ్మడి ప్రశ్న ఇచ్చి, దానికి అందరూ కూర్చుని రాయాల్సిన అధ్యాయం ఒకటి ఉంచాలి.

గుత్తికోట (అనంతపురం)

నాదొక్క సందేహం. అన్నీ చేసినా ఒకడు ససేమిరా కదలకపోతే? మా దగ్గర గైడ్‌కు చెబితే "మీలో మీరు చూసుకోండి" అన్నారు. చెప్పినందుకు స్నేహం కూడా పోయింది.

ఎర్రనేలా, నీ మాటలు చదివాక మా బ్యాచ్‌లో ఉన్న లాటరల్ ఎంట్రీ అబ్బాయికి ఈ చర్చ లింకు పంపాను.

పెన్నేటి గట్టు (అనంతపురం)

నేను పైన చెప్పిన 2004 వ్యాసంలో దీనికీ ఒక దారి ఉంది. మొదటి వారంలోనే బృందం ఒక ఒప్పంద పత్రం రాసుకుని సంతకాలు చేస్తుంది: ఎప్పుడు కలవాలి, రాలేకపోతే ఎలా చెప్పాలి, ఎవరి బాధ్యత ఏమిటి. పని చేయని సభ్యుడి పేరును నివేదిక మీద రాయకుండా ఉండే హక్కు బృందానికి ఉంటుంది. అప్పటికీ మారకపోతే, రాతపూర్వకంగా హెచ్చరించి, అధ్యాపకుడికి ప్రతి పంపి, ఆఖరు మార్గంగా అతన్ని బృందం నుంచి తప్పించవచ్చు. అలాగే మొత్తం పని తన మీద వేసుకుంటున్న సభ్యుడు కూడా హెచ్చరిక ఇచ్చి బయటికి రావచ్చు. నియమం ముందే కాగితం మీద ఉంటే ఫిర్యాదు చేసినవాడు చాడీలు చెప్పినట్టు కాదు. అధ్యాపకుడు "మీలో మీరు చూసుకోండి" అనే వీలు కూడా ఉండదు.

నల్లరేగడి (ఆదోని)

తప్పించేముందు అధ్యాపకుడు ఆ విద్యార్థితో ఒంటరిగా మాట్లాడాలన్న నియమం కూడా అందులో చేర్చండి. రాత్రి హోటల్లో పనిచేసి ఉదయం తరగతికి వచ్చే పిల్లలను, పంట కోతలకు వారం రోజులు ఊరికి వెళ్ళి వచ్చే పిల్లలను నేను చూశాను. వాళ్ళు తోటివాళ్ళకు చెప్పుకోరు. అలాంటి విద్యార్థికి కావాల్సింది వేరే రకం పని, వేరే గడువు. అది ఇవ్వగలిగేది అధ్యాపకుడొక్కడే. ఈ ఒక్క షరతుతో మిగిలినదంతా నాకు సమ్మతమే.

హంద్రీ ఒడ్డు (కర్నూలు)

అందరికీ కృతజ్ఞతలు. రాబోయే సర్వేకు నేను నిర్ణయించుకున్నవి ఇక్కడ రాస్తున్నాను, లోపం కనిపిస్తే దయచేసి చెప్పండి. ఐదుగురికి బదులు నలుగురు ఉంటారు. ఎవరికి ఏ సమయాలు వీలవుతాయో, ఎవరికి ఏ పని వచ్చో అడిగే కాగితం ఈ సోమవారం పంచి, దాన్ని బట్టి బృందాలను నేనే కూరుస్తాను. ఏ బృందంలోనూ అమ్మాయి ఒక్కతే ఉండదు. సమావేశాలు కళాశాల వేళల్లోనే జరుగుతాయి, దానికి వారంలో ఒక పీరియడు నేను వదులుతాను. అంశాలు చీనీతోట గారు చెప్పినట్టు పంచి, ఉమ్మడి అధ్యాయం ఒకటి ఉంచుతాను. మార్కులో సగం ఉమ్మడి, సగం విడి. వైవా ఏ భాషలోనైనా చెప్పవచ్చు.

ఒప్పంద పత్రంలో నల్లరేగడి సార్ చెప్పిన షరతు మొదటి వాక్యంగా ఉంటుంది. రికార్డు రాసే పని ప్రతి అధ్యాయానికీ మారాలన్న నియమాన్ని కూడా చేరుస్తున్నాను. పెన్నేటి గట్టు గారూ, పాయింట్ల కాగితం మీ దగ్గర తెలుగులో ఉంటే ఇక్కడే పెట్టండి. లేకపోతే నేను ఒకటి రాసి పెడతాను, మీరు దిద్దండి. ఎర్రనేల గారూ, గుత్తికోట గారూ, విద్యార్థులుగా మీరిద్దరూ దాన్ని ముందు చదివి, మీ బ్యాచ్‌లో ఇది నిజాయితీగా నింపగలిగేవాళ్ళా కాదా అన్నది నాకు చెప్పాలి.

ఎర్రనేల (అనంతపురం)

తప్పకుండా చదువుతాను మేడం. ఒక్క వినతి. ఆ కాగితంలో "ఇతను ఎంత చేశాడు" అన్న ప్రశ్నతో పాటు "ఇతనికి మీరు ఏ పని ఇచ్చారు" అన్న గడి కూడా ఒకటి పెట్టండి.